గోల చేసే తరగతిని చూసి ఉద్యోగం వదలక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి మెగా డీఎస్సీ-2025లో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా ఎంపికై ఓ పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో చేరింది. ఐదు తరగతులకూ కలిపి 38 మంది పిల్లలు, టీచర్లు ఇద్దరే. ఒకటి, రెండు తరగతులు హెడ్‌మాస్టర్ గారు చూసుకుంటారు. 3, 4, 5 తరగతుల పిల్లలు 23 మంది మా అమ్మాయి వంతు. సగం మందికి చదవడం రాదట, గది నిండా గోలేనట. అరిచి అరిచి రోజూ గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తోంది. ‘టీచర్ ఉద్యోగం నాకు సరిపడదు, రాజీనామా చేసి గ్రూప్-2కు చదువుకుంటా’నంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: రాజీనామా ఇప్పుడే వద్దండీ. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మాయికి బోధన సరిపడలేదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఆమెకు ఎవరూ నేర్పని పని ఒకటి నెత్తిన పడింది, అంతే. టీచర్ శిక్షణ కోర్సు డీఈడీలోనూ డీఎస్సీ ప్రిపరేషన్‌లోనూ పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న పియాజే, వైగోట్‌స్కీల సిద్ధాంతాలు చదివిస్తారు. టీచింగ్ ప్రాక్టీసులో ఒక తరగతికి ఒక పాఠం చెప్పిస్తారు. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, అందులో సగం మందికి చదవడం రానప్పుడు రోజు ఎలా నడపాలో మాత్రం ఎక్కడా చెప్పరు. ఆమె పనిచేసే బడి మినహాయింపు కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం లెక్కే ప్రాథమిక స్థాయిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. కాబట్టి చిన్న బడిలో చేరిన ప్రతి ఎస్‌జీటీకీ బహుళ తరగతి బోధన తప్పదు.

ఇక గోల సంగతి. తనకు చేతనైన పని చేతిలో లేని పిల్లలే ఎక్కువగా గోల చేస్తారు. బోర్డు మీద నాలుగో తరగతి పాఠం నడుస్తుంటే, అక్షరాలే పూర్తిగా రాని పిల్లవాడు నలభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలనడం అన్యాయం. అందుకే ముందు చూడాల్సింది ఎవరికి ఏం వచ్చో. క్రమశిక్షణ ఆ తర్వాత.

దీనికి ఒక్క కాగితం చాలు. దాని మీద వరుస తప్పించిన అక్షరాలు పది, ఒత్తులు లేని మాటలు పది, ఒత్తులున్నవి ఐదు, నాలుగు వాక్యాల పేరా ఒకటి రాసుకోవాలి. ఒక్కో పిల్లవాడికి నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకు ఆరుగురి చొప్పున నాలుగు రోజుల్లో 23 మందీ అయిపోతారు. వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. మిగతా పిల్లల ముందు చదివిస్తే రెండోవాడు విన్నది అప్పజెబుతాడు. అందుకే రెండు రకాల కాగితాలు ఉంచుకోవడం మంచిది. పాఠ్యపుస్తకంలోని పేరా మాత్రం పెట్టకూడదు, చాలామందికి అది కంఠతా వచ్చి ఉంటుంది.

ఈ పరీక్షలో ఒకటి జాగ్రత్తగా గమనించమనండి. ‘క కా కి కీ’ అని గుణింతం గడగడా చెప్పే పిల్లవాడికి ‘కె’ మీద వేలు పెట్టి అడిగితే, పెదవులు కదుపుతూ ‘క’ దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ ‘కె’ దాకా వస్తాడు. వాడికి వచ్చింది పాట మాత్రమే, చదవడం కాదు. రెండేళ్లుగా ‘గుణింతాలు వచ్చు’ అని రిజిస్టరులో ఉన్న పిల్లల్లో ఇలాంటివాళ్లు తప్పకుండా దొరుకుతారు. వీళ్లతో గుణింతం మళ్లీ మళ్లీ రాయించడం దండగ. అక్షరాలను విడివిడి కార్డులుగా చేసి కలిపేసి, అడిగిన కార్డు తీయించాలి. మ-య, ప-ష, బ-భ, ద-ధ లాంటి పోలిక అక్షరాలను ఒకే రోజు నేర్పకూడదు. ఒకటి బాగా కుదిరాక, వారం ఆగి రెండోది.

ఒత్తుల దగ్గరా ఇంతే. గ్గ, జ్జ, ట్ట, డ్డ, ప్ప లాంటి వాటిలో ఒత్తు అసలు అక్షరంలాగే కనిపిస్తుంది కాబట్టి అవి ముందు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అక్షరంతో పోలికే ఉండదు, వాటికి విడిగా సమయం ఇవ్వాలి. ‘అమ్మ’ అని చదివాడు కదా అని మ-ఒత్తు వచ్చిందనుకోకూడదు. ఆ మాటను బొమ్మలా గుర్తుపట్టి ఉంటాడు. ‘నెమ్మది’ రాసి చదివిస్తే నిజం తేలుతుంది.

పరీక్ష అయ్యాక పిల్లలు మూడు గుంపులుగా తేలతారు: అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, మాటల దగ్గర ఆగినవాళ్లు, పేరా చదవగలిగేవాళ్లు. రోజూ ఉదయం గంటన్నర తరగతులను మరిచిపోయి ఈ గుంపులతోనే నడపాలి. మొదటి పదిహేను నిమిషాలు అందరికీ కలిపి కథ చదివి వినిపించడం. తర్వాత ఒక్కో గుంపుతో టీచర్ పాతిక నిమిషాలు. మిగతా రోజంతా తరగతుల వారీగా సిలబస్. ఇది కొత్త పద్ధతేమీ కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశమంతటా నడిపిన ‘స్థాయికి తగ్గ బోధన’ ఇదే దారి. తెలంగాణ బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా పిల్లల స్థాయి చూసి నేర్పాలన్న ఆలోచనతో వచ్చిందే. తనిఖీకి వచ్చినవారు ‘సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది?’ అని అడిగితే, పేర్లతో సహా ఈ స్థాయి పట్టిక ముందు పెట్టొచ్చు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా చదవడం, లెక్కలు అందరికీ రావడమే కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. కానీ మొదలుపెట్టే ముందే హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడుకుని టైమ్‌టేబుల్ మీద సంతకం చేయించుకోవాలి.

టీచర్ ఒక గుంపుతో ఉన్నప్పుడు మిగతా రెండు గుంపులూ ఏం చేస్తాయన్నదే అసలు చిక్కు. ‘పాఠం చూసి రాయండి’ అన్నది పది నిమిషాలకు మించి ఆగదు. పిల్లల నోటుబుక్కులు తెరిచి చూడండి: ఒక వాక్యం పదిసార్లు రాయమంటే, మొదటి మాటను పది వరుసల్లో పైనుంచి కిందికి రాసేసి, తర్వాత రెండో మాట, తర్వాత మూడోది. చేయి కదులుతుంది, చదవడం అసలు జరగదు. టీచర్ లేకుండా నడిచే పనికి మూడు లక్షణాలుండాలి. పిల్లలు ఎవరినీ అడగకుండా మొదలుపెట్టగలగాలి, ఎక్కడితో అయిపోతుందో తెలియాలి, తప్పో ఒప్పో వాళ్లే చూసుకోగలగాలి. అక్షరాల గుంపుకు ఒకవైపు బొమ్మ, వెనకవైపు మాట ఉన్న కార్డులు ఇచ్చి, బొమ్మ చూసి మాట రాసి తిప్పి సరిచూసుకోమనాలి. మాటల గుంపు జంటలుగా కూర్చుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూస్తారు. పేరా గుంపు ఒక పేజీ చదివి, పక్కవాళ్లను అడగడానికి రెండు ప్రశ్నలు రాస్తుంది. పాత పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరిస్తే కార్డులకు పైసా ఖర్చు ఉండదు.

అక్షరాల గుంపును ముందుగా టీచర్ తీసుకోవాలి. వాళ్లు సొంతంగా ఎక్కువసేపు ఉండలేరు కాబట్టి, తర్వాతి యాభై నిమిషాలకు పన్నెండేసి నిమిషాల పనులు నాలుగు సిద్ధంగా ఉండాలి. అక్షరాల దగ్గర ఆగిన ఐదో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి వాచకం చేతికివ్వద్దు. సిగ్గుతో పుస్తకం మూసేస్తాడు. క్రికెట్ ఆటగాళ్ల పేర్లు, బస్సు బోర్డులు, సరుకుల ప్యాకెట్లు ఇస్తే అవే అక్షరాలు మర్యాదగా నేర్చుకుంటాడు. గుంపులకు నదుల పేర్లో పూల పేర్లో పెట్టాలి. నాలుగు వారాలకోసారి మళ్లీ పరీక్షించి పిల్లలను మార్చాలి. మార్చకపోతే కింది గుంపు మీద ‘మొద్దులు’ అనే ముద్ర పడిపోతుంది. ఈ పద్ధతి చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

లెక్కల్లో కూడా తప్పును చదవడం నేర్చుకోవాలి. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసిన పిల్లవాడు పొరపాటు చేయలేదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు. అన్ని లెక్కలూ అలాగే చేస్తాడు, అడిగితే కారణమూ చెబుతాడు. ఇంటూ మార్కు పెట్టి ఇంకో పది లెక్కలిస్తే పదీ అలాగే వస్తాయి. చీపురు పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందుపెట్టి, 27 ఇవ్వమనండి. రెండు కట్టలు ఇచ్చాక, ఏడు పుల్లలు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది. ‘అప్పు తెచ్చుకోవడం’ అన్న మాట ఆ తర్వాత చెప్పాలి.

పాఠం చెప్పి ‘అర్థమైందా?’ అనడం మానేయమనండి. ‘అయిందీ’ అని కోరస్ వస్తుంది, దాని వల్ల ఏమీ తెలియదు. ప్రశ్న అడిగి, అందరూ పలకల మీద రాసి ఒక్కసారి పైకెత్తమంటే 23 జవాబులూ ఒక చూపులో కనిపిస్తాయి. ప్రశ్నకూ పిల్లవాడి పేరుకూ మధ్య మూడు సెకన్లు ఆగడం కూడా ముఖ్యం. టీచర్లు సాధారణంగా ఒక సెకను కూడా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవిగా, మెరుగ్గా వస్తాయనీ మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు.

ఇంతా చేశాక మిగిలే గోల చాలా తగ్గుతుంది. దానికి గొంతు అక్కర్లేదు. ఒక చప్పట్ల వరుస పెట్టుకుని, టీచర్ కొట్టగానే పిల్లలు తిరిగి కొట్టి చేతులు దించాలని రెండు రోజులు ఆటలా అలవాటు చేయాలి. అందరూ ఆగేదాకా మాట మొదలుపెట్టకూడదు. గోల మీద గోలగా మాట్లాడితే పిల్లలు ఇంకా గొంతు పెంచుతారు. పుస్తకాలు పంచకముందే ఏం చేయాలో చెప్పి, ఒక పిల్లతో తిరిగి చెప్పించాలి. పంచాక చెప్పేది ఎవరూ వినరు.

లీడరును నిలబెట్టి ‘అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయి’ అనే అలవాటు ఉంటే వెంటనే ఆపమనండి. రోజూ అవే నాలుగు పేర్లు ఎక్కుతాయి, లీడరుతో పడనివాళ్ల పేర్లు కూడా ఎక్కుతాయి. పేరెక్కినవాడికి ఇక బుద్ధిగా ఉండాల్సిన పనే ఉండదు. అల్లరి చేసే పిల్లవాడి పక్కకు వెళ్లి నిలబడి, పేరుతో మెల్లగా పిలిచి, చేయాల్సిన పని వేలితో చూపిస్తే చాలాసార్లు సరిపోతుంది. బెత్తం, గుంజీలు, మోకాళ్ల మీద నిలబెట్టడం, ‘నీకు చదువు రాదురా’ అని అందరి ముందు అనడం అన్నీ విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషిద్ధమే. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకుంటారు. అన్నిటికన్నా ముందు, పిల్లవాడికి అది నేర్పేది భయం ఒక్కటే.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో డిక్టేషన్, ఎక్కాలు పెట్టకుండా బొమ్మలు, కొలతలు, బయట చేసే పరిసరాల విజ్ఞానం పెట్టుకోవాలి. మిరప కోతల కాలంలో హాజరు పడిపోతుంది. రెండు రోజులు రాని పిల్లవాడి ఇంటికి మూడో రోజు సాయంత్రమే వెళ్లాలి. వాడికి కొత్తగా వచ్చిన విషయం ఒకటి చెప్పి, ఆ తర్వాత హాజరు మాట ఎత్తాలి. యాప్‌లు, రిపోర్టుల పనికి బడి వదిలాక అరగంట కేటాయించుకుంటే పాఠం మధ్యలో ఫోను చూడాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి వారం పరీక్ష కాగితం, రెండో వారం చప్పట్ల అలవాటు, కార్డుల తయారీ, మూడో వారం నుంచి గుంపులు. కొత్త గుంపులు మొదటి పది రోజులు అస్తవ్యస్తంగానే ఉంటాయి, అప్పుడు మానేస్తే చేసిందంతా వృథా. మీరూ చేయగలిగినవి ఉన్నాయి. ఆదివారం కూర్చుని కార్డులు కత్తిరించండి, పుల్లలు కట్టలు కట్టండి. ‘ప్రభుత్వ ఉద్యోగం వదులుకుంటావా’ అన్న మాట మాత్రం అనకండి. అలసి వచ్చిన మనిషికి అది ఇంకో బరువు.

కెరీర్ లెక్క కూడా చూద్దాం. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) అర్హతకు జీవితకాలం చెల్లుబాటు ఉంది కానీ, రాజీనామా చేశాక మళ్లీ రావాలంటే డీఎస్సీ మళ్లీ రాయాల్సిందే. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగంలో ఉంటూ డిగ్రీ, బీఈడీ అర్హతలతో స్కూల్ అసిస్టెంట్ పదోన్నతికి వెళ్లే దారి ఉంది. గ్రూప్-2 రాయాలన్నా రాజీనామా అక్కర్లేదు, శాఖకు తెలియజేసి అనుమతి తీసుకుని రాయొచ్చు. గుంపుల పద్ధతి పూర్తిగా ఒక విద్యా సంవత్సరం నడిపి చూడమనండి. అప్పుడు కూడా, ఒక పిల్లవాడు మొదటిసారి పేరా చదివిన రోజున ఆమెకు ఏ సంతోషమూ కలగకపోతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పు లేదు. అప్పటిదాకా గ్రూప్-2 పుస్తకాలు సాయంత్రాలకు ఉంచుకుని, నోటిఫికేషన్ రాగానే హెడ్‌మాస్టర్, మండల విద్యాధికారి (ఎంఈవో) ద్వారా అనుమతికి దరఖాస్తు పెట్టుకోమని చెప్పండి.