జపాన్ బంకర్ల దగ్గరికి వెళ్లే ముందు

బుజ్జీ,

పిల్లల్ని తీసుకుని పోర్ట్ బ్లెయిర్ వస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ మా నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. పిల్లలకి బంకర్లు, అంటే యుద్ధంలో జపాన్ సైనికులు దాక్కుని కాల్చడానికి కట్టుకున్న గదులు, చూపించమని అడిగావట. అందుకే ఈ ఉత్తరం.

కార్బిన్స్ కోవ్ దారిలో చాలామంది కారు ఆపి, బంకర్ ముందు ఒక ఫోటో దిగి వెళ్లిపోతారు. నువ్వలా చేయకు. లోపలికి వెళ్లనిచ్చే చోట తల వంచి దూరు, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకు. నేల తడిగా, పాచి పట్టి ఉంటుంది, చెప్పులు వద్దు, బూట్లు వేయించు. చేతిలో టార్చి ఉండాలి. తర్వాత గోడలో ఉన్న ఆ సన్నటి కంతకి కన్ను ఆనించు. బయట అంత సముద్రం ఉన్నా నీకు కనిపించేది ఒక్క చీలికే. తుపాకీ పట్టుకున్నవాడికి అదే ప్రపంచం. పిల్లల్ని ఒక్కొక్కరినీ చూడనివ్వు, తొందరపెట్టకు. గోడల మీద పేర్లు గీకనివ్వకు.

రాస్ ద్వీపంలో పడవ దిగగానే ఇంకో బంకర్ ఉంది. 2018 నుంచి ఆ దీవి నేతాజీ పేరు మీద ఉంది.

వాళ్లకి ఈ కథ కూడా చెప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మార్చి 23న, జపాన్ సైన్యం ఇక్కడ అండమాన్‌లో దిగింది. సరిగ్గా రెండు వారాలకి, ఏప్రిల్ 6న, మన విశాఖ మీద బాంబులు వేసింది. ఊళ్లో వాళ్లంతా మూటలు కట్టుకుని పల్లెలకి పరుగెత్తారని మీ అమ్మమ్మ చెప్పేది. బ్రిటిష్ వాళ్లు సముద్రం మీదుగా తిరిగొస్తారనే భయంతో కట్టినవే ఈ బంకర్లు. చివరికి జపాన్ లొంగిపోయాక, 1945 అక్టోబరులో వాళ్లొచ్చారు.

మధ్యలో నలిగిపోయింది ఇక్కడి జనం. 1943 డిసెంబరు 30న నేతాజీ ఇక్కడ జెండా ఎగరేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో 44 మందిని జపాన్ వాళ్లు హంఫ్రీగంజ్ అనే ఊళ్లో కాల్చేశారు. అక్కడి స్మారకం చూడకుండా బంకర్లు మాత్రం చూస్తే సగమే చూసినట్టు. అందుకే ఆ రోజు నేనే వెంట వస్తాను.

ఎండ ముదరకముందే బయల్దేరదాం. పిల్లలకి టోపీలు మర్చిపోకు.

మీ మామయ్య