అమ్మలూ, ఆ తాడు మాత్రం కట్టకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈ వేసవిలో మీ సంఘంలో వి.బి.ఎస్., అదే పిల్లల సెలవుల బైబిల్ బడి, బాధ్యత నీదేనట. పది రోజులూ బైబిల్లోని ప్రధాన యాజకుడి, అంటే ఇశ్రాయేలీయుల పెద్ద పూజారి, వస్త్రాల మీదే పాఠాలట. రోజుకొకటి నువ్వే కుట్టి, చివరి రోజు ఒక పిల్లాడికి అన్నీ తొడిగి నిలబెడతావట. ఫోన్ పెట్టేసి మీ అమ్మమ్మతో "మన మిషను చప్పుడు మూడో తరానికి వినపడిందే" అన్నాను. "ఆ పిల్లకి గుండీ కుట్టడం వచ్చా అసలు?" అంది ఆవిడ. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. తెల్లవారుజామునే లేచి ఇది రాస్తున్నాను. నా చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మతో చదివించుకో.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తా. సాటిన్ కొనకు, కత్తెర కింద జారిపోతుంది, పాప్లిన్ చాలు. గుడ్డని తడిపి ఆరేశాకే కత్తిరించు. నిర్గమకాండం 28, 39 అధ్యాయాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఒకటి దేవుడు చెప్పిన కొలత, రెండోది పనివాళ్లు కుట్టిన తీరు. లేవీయకాండం 16 చదవకుండా కత్తెర పట్టుకోకు, ఎందుకో కింద చెబుతాను. ధూపం వేసి చూపిస్తానని మాత్రం అనకు. పొడుగు అంగీ వేసుకున్న పిల్లాడి దగ్గర నిప్పు ఉండటానికి వీల్లేదు. కొవ్వొత్తి కూడా వద్దు. నవ్వుకుంటావేమో, నవ్వుకో.

ఏఫోదు, అంటే యాజకుడు అంగీ మీద వేసుకునే పై వస్త్రం, దగ్గర ఆగు. ఆ బట్ట సంగతి పిల్లలకి నిదానంగా చెప్పు. 39వ అధ్యాయం మూడో వచనంలో ఉంది, బంగారాన్ని పల్చటి రేకులుగా కొట్టి, తీగలుగా కత్తిరించి, నీల ధూమ్ర (ఊదా) రక్తవర్ణాల నూలులోనూ సన్ననారలోనూ కలిపి నేశారని. అది అంచుకి కుట్టిన జరీ పట్టీ కాదు. మన చీరాల మగ్గాల దగ్గర పెరిగినవాడిని గనక నాకు ఆ మాట చదివినప్పుడల్లా చేతులు ఊరుకోవు. పట్టీ అయితే కుట్టు విప్పి తీసేయొచ్చు. నేతలో కలిసిపోయిన తీగని తీయాలంటే బట్టంతా పాడవుతుంది. క్రీస్తులో దైవత్వం, మనిషితనం అలా కలిసి ఉన్నాయని మన పెద్దలు చెప్పేది ఈ బట్టని చూసే. నాకు చాలా ఇష్టమైన పోలిక. అయినా ఇది పోలికే, వచనం కాదు. సన్ననార అంటే పరిశుద్ధుల నీతిక్రియలని ప్రకటన 19లో రాసే ఉంది. నీలం అంటే పరలోకం, ధూమ్రం అంటే రాజరికం, ఎరుపు అంటే రక్తం అని మాత్రం ఎక్కడా రాసి లేదు, మనకి అలా తోచింది. పిల్లలకి "బైబిల్లో ఉంది" అనేది వేరే గొంతుతో, "మనకి అనిపిస్తుంది" అనేది వేరే గొంతుతో చెప్పు.

ఈ బట్టలు చూసి ఒక్కొక్కరికి ఒక్కోటి తోచింది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు యాజకుడి నీలం అంగీ అంచున వేలాడే దానిమ్మపండ్ల బొమ్మల్లో మెరుపుని, గంటల్లో ఉరుముని చూశాడు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవుడు పన్నెండు గంటలు పన్నెండుమంది అపొస్తలులకి గుర్తు అన్నాడు. గంటలు ఎన్నో నిర్గమకాండంలో లెక్కే లేదు, ఆయనకి పన్నెండు ఎక్కడ దొరికాయో మరి. నాలుగో శతాబ్దం చివర్లో జెరోము ఫబియోలా అనే రోమా స్త్రీకి ఈ వస్త్రాల గురించి పెద్ద ఉత్తరమే రాశాడు. అంటే ఆడపిల్లకి ఈ విషయం మీద ఉత్తరం రాసిన మొదటి ముసలాణ్ని నేను కాదన్నమాట.

యాజకుడి గుండె మీద ఉండే పతకం రాళ్లకి ఒక్కోదానికి ఒక్కో గుణం అంటగట్టకు. హెబ్రీలో ఉన్న ఆ రాళ్ల పేర్లు ఇవాళ్టి ఏ రాళ్లో పండితులకే తేలలేదు. పైగా మన ఊళ్లలో రాళ్ల మాట ఎత్తితే జనానికి రాశి ఉంగరాలే గుర్తొస్తాయి. వరసకి మూడు చొప్పున నాలుగు వరసలు, రాయికొక ఇశ్రాయేలు గోత్రం పేరు, అంటే యాకోబు కొడుకుల్లో ఒకరి పేరు. అంతవరకు చాలు.

ఇక గంటల సంగతి. ఇది చెప్పడానికే అసలు కూర్చున్నాను.

1986 అనుకుంటా, మీ అమ్మ మూడో తరగతి. ఆ రోజుల్లో ఏ మీటింగ్‌కి వెళ్లినా ఒక కథ తప్పకుండా వినపడేది. ప్రధాన యాజకుడు ఏడాదికొకసారి ఆలయంలో అడ్డుతెర వెనకున్న అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు కాలికి తాడు కట్టేవాళ్లట. అంగీ అంచున గంటలు మోగుతున్నంతసేపు మనిషి బతికి ఉన్నట్టు. మోత ఆగిందంటే పాపం బయటపడి లోపలే చచ్చిపోయినట్టు. ఇంకెవరూ లోపలికి అడుగుపెట్టకూడదు కాబట్టి తాడు పట్టుకుని శవాన్ని బయటికి లాగేవాళ్లట. పదిసార్లు విన్నాను. ఏ అధ్యాయంలో ఉందని ఒక్కసారీ అడగలేదు.

నాకు శనివారం రాత్రి కూటంలో వాక్యం చెప్పే అవకాశం వచ్చింది. మర్నాడు ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. నేనేమో టైలర్ని, ఊరికే మాటలతో చెబుతానా? నీలం పాప్లిన్‌తో అంగీ కుట్టాను. అంచున ఎద్దుల మువ్వలు తగిలించాను. మీ పెద్దమామయ్యకి అప్పుడు పదకొండేళ్లు, వాడికి తొడిగి, చీలమండకి నులక తాడు కట్టి, మందిరంలో దుప్పటి అడ్డంగా కట్టి దాని వెనక్కి పంపాను. లైట్లు తీయించాను. మువ్వలు కాసేపు మోగాయి. నేను చెప్పినట్టే వాడు టక్కున ఆగి కింద పడుకున్నాడు. నేను తాడు పట్టి లాగాను. గచ్చు మీద వాడు జర్రున జారి బయటికొచ్చాడు. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. మోచెయ్యి దోక్కుపోయి వాడు ఏడుస్తుంటే అది కూడా నటనే అనుకున్నారు. "పాపంతో బల్ల దగ్గరికొస్తే ఇదీ గతి" అని ముగించాను. కూటం అయ్యాక అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఒళ్లు జలదరించిందన్నారు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

మా సంఘంలో ఒక మామ్మ ఉండేది. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. భర్త పోయాడు, కొడుకులు పని వెతుక్కుంటూ పోయి మళ్లీ రాలేదు. రెండో వరసలో గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ తర్వాత ఆరేడు నెలలకి ఆమె జాకెట్లు ఇవ్వడానికి ఇంటికి వెళ్లాను. మాటల్లో "బల్ల రోజున ముందే లేచి వెళ్లిపోతున్నావేంటి మామ్మా?" అన్నాను. నేను అప్పటికి రెండుసార్లే గమనించాను. ఆమె మొత్తం మానేసిందట. ఆ శనివారం నుంచీ.

"భయమేసింది నాయనా" అంది. "మీ అబ్బాయిని లాగడానికి నువ్వున్నావు. నేను అక్కడ పడిపోతే నా కాలికి తాడు కట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు."

అమ్మలూ, నలభై ఏళ్లయింది. ఆ మాట ఇవాళ్టికీ ఎక్కడ వినపడుతుందో చెప్పలేను. మిషను ఆపినప్పుడు వినపడుతుంది.

మర్నాడే సైకిలెక్కి పక్క ఊళ్లో ఒక పెద్ద పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆ తాడు వచనం చూపించమన్నాను. ఆయన లేవీయకాండం 16 తీసి నాలుగో వచనం నాతోనే చదివించారు. ప్రాయశ్చిత్త దినాన అడ్డుతెర లోపలికి వెళ్లేటప్పుడు ఒంటి మీద నార చొక్కాయి, నార లోలాగు, నార దట్టి, నార పాగా. నీలం అంగీ లేదు, పతకం లేదు, గంటలు అసలే లేవు. "టైలరువి కదయ్యా, బట్టలు కూడా చూసుకోలేదా?" అన్నారాయన. తల దించుకున్నాను. తాడు బైబిల్లో ఎక్కడా లేదు. తర్వాత తెలుసుకున్నాను, ఆ ముచ్చట జోహారు అనే యూదుల మర్మ గ్రంథంలో ఉందని. అది వెలుగులోకి వచ్చింది స్పెయిన్‌లో 13వ శతాబ్దంలో. అప్పటికి యెరూషలేము ఆలయం కూలిపోయి పన్నెండు వందల ఏళ్లు!

గంటల దగ్గర చావు మాటే లేదని మాత్రం చెప్పకు. నిర్గమ 28:35లో ఉంది, యాజకుడు చావకుండునట్లు వాటి ధ్వని వినబడాలని. అది తెరకి ఇవతలి పరిశుద్ధ స్థలంలో సేవ చేసేటప్పటి మాట. దాన్ని దాచొద్దు, దానికి తాడూ కట్టొద్దు.

మళ్లీ మామ్మ దగ్గరికి వెళ్లాను. తప్పు చెప్పాను, క్షమించు అన్నాను. ఆ బట్టలు కుట్టించిందే మనుషుల్ని దేవుడి ముందుకి మోసుకెళ్లడానికి, భుజాల మీద రెండు రాళ్లలో రాయికి ఆరు పేర్లు, గుండె మీద మళ్లీ పన్నెండు పేర్లు అని చెప్పాను. పతకం జారిపోకుండా నీలం దారంతో ఏఫోదుకి ఎలా బిగించి కట్టారో చేత్తో చూపించాను. ఆమె అంతా విని "అందులో ఆడవాళ్ల పేరు ఒక్కటైనా ఉందా?" అంది.

లేదు. పన్నెండూ కొడుకులవే. యాకోబుకి దీనా అనే కూతురుంది, ఆమె పేరు ఏ రాయి మీదా లేదు. నా దగ్గర జవాబు లేక బైబిల్ పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి యెషయా 49 చదివాను, నా అరచేతుల మీదనే నిన్ను చెక్కి ఉన్నానన్న వచనం. ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పొగాకు మరకకి వేళ్లు నల్లగా ఉన్నాయి. ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను. ఆ నెల కాదు గానీ పై నెల బల్ల దగ్గరికి వచ్చింది. "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అని హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఉన్న మాటని ఆ రోజు నేను గట్టిగా చదవలేకపోయాను, గొంతు పూడుకుపోయింది.

అందుకే అడుగుతున్నాను, ఆ చివరి రోజు పిల్లాడి కాలికి తాడు కట్టవు కదా? ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ కథ తిరుగుతోందని మీ అమ్మ చెప్పింది. నువ్వు అక్కడే చూసి ఉంటావని నా భయం. నీ క్లాసులో కూడా లాగడానికి ఎవరూ లేని పిల్లలు ఉంటారమ్మా.

తాడు కట్టే బదులు, వీలైతే తొమ్మిదో రోజున ఆ రంగు బట్టలన్నీ విప్పించి వట్టి తెల్ల బట్టలు తొడుగు. పిల్లలు ఎందుకని అడుగుతారు. పని అయ్యాక యాజకుడు ఆ నార బట్టలు అక్కడే విడిచిపెట్టాలని లేవీయకాండం 16:23 చెబుతుంది. అది చదివి, వెంటనే యోహాను 20లో పేతురు యేసు ఖాళీ సమాధిలోకి వెళ్లి చూసినచోటు చదువు. అక్కడా నార బట్టలే. ఇది కూడా పోలికేనని చెప్పి ఊరుకో, ఎక్కువ వివరించకు.

ఇంకో చిన్న పొరపాటు కూడా నాదే. యేసుని విచారించిన ప్రధాన యాజకుడు కయప ఆయన ముందు ఈ నీలం అంగీనే చింపుకున్నాడని చాలా ఏళ్లు చెప్పాను. సువార్తలో అతని బట్టలు అనే ఉంది. జోసీఫసు రాసినదాన్ని బట్టి ఆ రోజుల్లో యాజక వస్త్రాలు రోమా వాళ్ల అధీనంలో ఆంటోనియా కోటలో ఉండేవి, పండుగలకి మాత్రం బయటికి ఇచ్చేవాళ్లు. యేసు అయితే ఈ బట్టలు ఏనాడూ వేసుకోలేదు. ఆయన యూదా గోత్రం, యాజకుల గోత్రం కాదని హెబ్రీ పత్రికే చెబుతుంది. చివరి రోజు పిల్లాణ్ని నిలబెట్టి "ఇదిగో యేసు" అనకు. "ఇదిగో మొదటి ప్రధాన యాజకుడు అహరోను" అను.

ఇక మెడ సంగతి. అంగీకి తల దూరే రంధ్రం చుట్టూ, చినగకుండా, నేతపని పట్టీ ఉండాలని 28:32లో ఉంది. జోసీఫసు అయితే ఆ అంగీకి భుజాల దగ్గర కూడా కుట్టే లేదు, మొత్తం ఒకే నేత అన్నాడు. యేసు అంగీ కూడా కుట్టు లేనిదేనని యోహాను రాశాడు. అంటే రెండుచోట్లా టైలర్లకి పని లేదు. మన పాప్లిన్‌కి మాత్రం ఉంది. పిల్లలు తల దూర్చేటప్పుడు గుంజుతారు, మొదట చిరిగేది మెడే. నువ్వు అడ్డం గుడ్డతో పట్టీ వేస్తావు, అది ముడతలు పడుతుంది, నువ్వు ఏడుస్తావు. ఆ ఒక్కటీ నాకు వదిలేయ్. కత్తిరించిన నీలం గుడ్డని కొరియర్లో ఇక్కడికి పంపు. సూదిలో దారం ఎక్కించడానికి మీ అమ్మమ్మ ఉందిలే. ఆ పిల్లాడి తల చుట్టుకొలత చెవుల పైనుంచి టేపు పెట్టి తీయి. ఇంచీల్లో రాయి, సెంటీమీటర్లలో వద్దు.

మీ తాతయ్య