వెనక గదిలో బకెట్ పెట్టుకునే ఇంటికి 30 లక్షలా?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో పదేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. నాకు 38 ఏళ్లు. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, చేతికి 46 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, నెలకు 9 వేల దాకా వస్తుంది. అద్దె 6,500. అద్దె కాకుండా ఇంటి ఖర్చులు 24 వేలు, ఎల్‌ఐసీకి 2 వేలు పోతాయి. పాప ఏడో తరగతి. 11 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఇంటి ఓనరు ఇప్పుడు ఈ ఇల్లే 30 లక్షలకు కొనుక్కోమంటున్నాడు. రిజిస్ట్రేషన్ 18 లక్షలకు చేసుకుందాం, మిగతాది క్యాష్ ఇవ్వండి అంటున్నాడు. పాతికేళ్ల స్లాబు ఇల్లు. వానొస్తే వెనక గదిలో బకెట్ పెట్టుకుంటాం. బాగు చేయడానికి మేస్త్రీ లక్షన్నర అన్నాడు. పట్టా ఇంకా ఓనరు నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన పోయారు. ఓనరుకు విజయనగరంలో ఇద్దరు అక్కలున్నారు. మా బావగారేమో పాతపట్నంలో 3 సెంట్ల స్థలం 9 లక్షలకు ఉంది, అక్కడ కట్టుకోమంటున్నారు. అద్దె కట్టడం దండగని ఆయన మాట. మా ఆవిడ బంగారం అమ్ముదామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే 18 లక్షల దగ్గర ఆగిపోయాను. బ్యాంకు లోన్ ఇచ్చేది దస్తావేజులో రాసిన ధర మీద, లేదా తన వాల్యుయర్ కట్టిన విలువ మీద. రెంటిలో ఏది తక్కువైతే అది. 18 లక్షలకు 80 శాతం అంటే 14 లక్షల 40 వేలు. మిగతా 15 లక్షల 60 వేలు మీరు తేవాలి. మీ దగ్గరున్నవి 11. బంగారం అమ్మినా అప్పు చేయక తప్పదు, అదీ బయటి వడ్డీకి. పైగా రేపు మీరే ఈ ఇల్లు అమ్మితే, 18కి కొన్నట్టే లెక్కగట్టి లాభం మీద పన్ను వేస్తారు.

ఓనరుకు ఇది మెత్తగా చెప్పే పద్ధతి ఒకటుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ, అదీ తీసుకున్నవాళ్లకే. ఆయన భయమంతా పన్ను గురించే అయితే, 2024 జులై 23కు ముందు నుంచీ ఉన్న ఆస్తి కాబట్టి, ఇండెక్సేషన్‌తో (అంటే కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కగట్టి) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, ఈ రెంటిలో తక్కువ పడిందే కట్టొచ్చు. పాత ఇంటికి ఇండెక్సేషన్ వేస్తే పన్ను ఆయన అనుకున్నంత ఉండకపోవచ్చు. ఒకసారి ఆడిటర్ దగ్గరికి వెళ్లి రమ్మనండి. ఆ ఫీజు మీరిచ్చినా తప్పులేదు.

ఆయన మొత్తం చెక్కు మీద తీసుకుంటానంటేనే మిగతా లెక్క.

30 లక్షలకే కొన్నారనుకుందాం. పాత ఇల్లు కాబట్టి బ్యాంకు 22 లక్షలు ఇస్తుందనుకుంటే, మీ చేతి నుంచి 8. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్లకు 4, దానిపైన రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. మీ ఆవిడ పేరు మీద చేయించినా లక్షా 80 వేలు. లీగల్ ఒపీనియన్, ప్రాసెసింగ్ లాంటి వాటికి 30 వేలు. మేస్త్రీకి లక్షన్నర. మొత్తం 11 లక్షల 60 వేలు. అంటే తాళం మీ చేతికొచ్చే రోజుకి ఎఫ్‌డీ మొత్తం పోయి ఇంకా 60 వేలు తక్కువ పడతాయి. ఆ స్థితిలో ఎవరినీ ఇంట్లోకి వెళ్లమని చెప్పను. నేను ఇల్లు కొన్నప్పుడు ఈఎంఐ ఒక్కటే లెక్కేసుకున్నాను. గృహప్రవేశమైన మూడో నెలలో మోటారు కాలింది, దాని వెనకే సెప్టిక్ ట్యాంకు. ఆ ఏడాదంతా క్రెడిట్ కార్డు మీద బతికాం.

అందుకే నా లెక్కలో ఈ ఇంటి ధర 27 లక్షలు. బేరమాడటానికి మీకున్న బలం ఆ బకెట్టే. బయటి నుంచి వచ్చినవాడికి వేసవిలో సున్నం కొట్టిన గోడ కనిపిస్తుంది, మీరు పది వానాకాలాలు చూశారు. మేస్త్రీని మళ్లీ పిలిచి, స్లాబు కింద పెచ్చు ఊడినచోట ఇనుము తుప్పు పట్టిందేమో చూపించండి. చెమ్మ వరకే అయితే లక్షన్నరతో పోతుంది. చువ్వలు ఉబ్బి ఉంటే 27 కూడా ఎక్కువే, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

27కి కుదిరితే 80 శాతం లోన్ 21 లక్షల 60 వేలు. మీ వాటా 5.40, రిజిస్ట్రేషన్ 1.62, ఖర్చులు 30 వేలు, మరమ్మతు 1.50. మొత్తం 8 లక్షల 82 వేలు. చేతిలో 2 లక్షల 18 వేలు మిగులుతాయి. వడ్డీ 8.5 శాతం అనుకుంటే 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 18,750. ఇంటి పన్ను, రంగులు, రిపేర్ల కోసం నెలకు 2,500 వేరే ఖాతాలో వేయండి. ఇప్పుడు నెలకు 22,500 మిగులుతున్నాయి మీకు, అప్పుడు 7,750 మిగులుతాయి. మీ ఆవిడ కుట్టుపని ఆగిన నెలలో అవి కూడా ఉండవు, వెయ్యో రెండు వేలో చేతి నుంచి పడతాయి. కాబట్టి ఆ 2 లక్షల 18 వేలను ముట్టుకోకండి. బంగారం కూడా ఇంట్లోనే ఉండనివ్వండి. ఇలాంటి నెలలు వరసగా వస్తే తాకట్టుకు అక్కరకొచ్చేది అదే.

బ్యాంకులో "ట్యాక్స్ మిగులుతుంది సార్" అంటారు. మీ జీతానికి కొత్త పన్ను విధానంలో అసలు పన్నే పడదు, ఇక మిగిలేదేముంది? పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 మాత్రం అడగండి. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇల్లు 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు ఐదు వాయిదాల్లో లక్షా 80 వేల వరకు వడ్డీ రాయితీ ఉంది. వస్తుందని ముందే లెక్కలో కలపకండి. వస్తే అసలుకు కట్టండి.

ఇక కాగితాలు. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే అక్కలిద్దరికీ ఓనరుతో సమానంగా వాటా ఉంది. తల్లిగారుంటే ఆవిడకూ. వాళ్లంతా దస్తావేజులో సంతకం పెట్టాలి, లేదా ముందే వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఇవ్వాలి. "అక్కలు ఏమీ అనరండీ" అనే మాట మీద 27 లక్షలు పెట్టకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 30 ఏళ్లకు ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల జాబితా తీయించండి. ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఖాతా నంబరు కొడితే పట్టా కనిపిస్తుంది, ఒడియాలో ఉంటుంది. అందులో కిసమ్ (భూమి రకం) అన్న చోట ఘరబారి (ఇంటి స్థలం) అని ఉండాలి. పంట భూమి అని ఉంటే అది మార్పించే దాకా ఆగండి. మీ పాప స్కూల్లో ఒడియా చదువుతుంటే తనచేత చదివించండి, బ్రోకరు చేత వద్దు. పట్టా ఎస్టీ, ఎస్సీ కుటుంబానిదైతే ఆ సంగతి ముందే తేల్చుకోవాలి. మీ జిల్లాలోనే గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి వైపు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి ఇతరులు కొంటే చెల్లదు. టౌనులో ఆ నిషేధం లేకపోయినా, వాళ్ల భూమి బయటివాళ్లు కొనాలంటే రెవెన్యూ అధికారి అనుమతి ఉండాలి.

పాతపట్నం సంగతి. బావగారి మాట తీసిపారేసేది కాదు. అక్కడ సెంటన్నా, మీ దగ్గర డెసిమల్ అన్నా విస్తీర్ణం ఒకటే, ఎకరంలో నూరో వంతు. ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ అంతా కలిపి ఏడున్నర శాతం, ఆడవాళ్లకు తగ్గింపు లేదు. అయినా 9 లక్షల స్థలానికే కడతారు కాబట్టి 67,500తో అయిపోతుంది. కానీ 900 చదరపు అడుగులు, అడుగుకి 1,800 చొప్పున కట్టినా 16 లక్షల 20 వేలు. కట్టే పది నెలలూ ఇక్కడ అద్దె 65 వేలు. రిజిస్ట్రేషన్‌లో మిగిలిన దాంట్లో చాలావరకు అద్దెకే పోతుంది. ఇల్లు కట్టించడమంటే రోజూ సాయంత్రం అక్కడ నిలబడాలి, కాలేజీ నుంచి వచ్చాక మీకు అంత ఓపిక ఉందా? పాప చదువు, రేపటి కాలేజీ సీటు ఏ రాష్ట్రంలో అనుకుంటున్నారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. అది తేలితే ఇల్లు ఎక్కడో కూడా తేలిపోతుంది. నన్నడిగితే, ధర తగ్గి అక్కల సంతకాలు వస్తే ఇక్కడి ఇల్లే. ధర, సంతకాలు, ఈ రెంటిలో ఏది కుదరకపోయినా ఏడాదిన్నర ఆగండి. నెలకు 22 వేలు వెనకేసుకుంటే అద్దె కట్టినా దండగేమీ కాదు.

లోన్ తీసుకునే రోజు బ్యాంకువాళ్లు ఒకేసారి ప్రీమియం కట్టే ఇన్సూరెన్స్ లోన్‌లో కలిపేస్తారు. దానికి కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడతారు మీరు. వద్దని, విడిగా 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఊరి మీదుగా ఎలా పోయిందో మీకు చెప్పక్కర్లేదు. స్థలం విలువ వదిలేసి, మళ్లీ కట్టడానికయ్యే 16 లక్షలకు చేయించండి. సామాన్లకు అందులో 20 శాతం దాకా దానంతటదే కవర్ అవుతుంది.

ఫ్లోటింగ్ వడ్డీకే, అంటే మార్కెట్‌ను బట్టి మారే వడ్డీకే లోన్ తీసుకోండి, ముందుగా కట్టినా పెనాల్టీ ఉండదు. చేతిలోని 2 లక్షలు 4 అయ్యాక నెలకు 2,500 ఎక్కువ కట్టడం మొదలుపెట్టండి. మొదటి నెల నుంచే అలా కడితే పదిహేనేళ్లకే తీరి, వడ్డీలో ఆరున్నర లక్షలకు పైగా తగ్గుతుంది. మీకు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఓనరు అడ్వాన్స్ అడిగితే చెక్కు మీద 10 వేలు ఇవ్వండి, అక్కల సంతకాలు రాకపోతే తిరిగిస్తానని కాగితం రాయించుకుని. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అద్దె మామూలుగా కడుతూ రసీదు తీసుకోండి.