ఊపిరికి చోటు

చిరంజీవి స్వాతికి,

వచ్చే నెల టెక్సస్‌లోని డెంటన్‌లో కాఫీ షాపులో అమెరికన్ గాయని నోరా జోన్స్ పాట ‘డోంట్ నో వై’ పాడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఊరి యూనివర్సిటీలోనే నోరా జాజ్ పియానో చదివింది. ఎంత సంతోషించానో, రాత్రి అంత కలత పడ్డాను.

శ్రుతి నీ గొంతుకు తగ్గట్టు దించుకో. సాహిత్యం కాగితం చూడకుండా పాడు. ఇవి నీకు తెలిసినవే.

పియానో ఎవరు వాయిస్తున్నారమ్మా? నా టెన్షనంతా అదే. 2002 నాటి రికార్డులో పాడిందీ, పియానో వాయించిందీ నోరాయే. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆ చేతులకు తెలుసు. పాట రాసిన జెస్సీ హారిస్ గిటార్, లీ అలెగ్జాండర్ బాస్, డాన్ రైజర్ డ్రమ్స్. ఎవరూ అవసరానికి మించి ఒక్క దెబ్బ వేయరు.

ఇదే పాటకి చాలా ఏళ్ల క్రితం ఇర్వింగ్‌లో ఒక హాల్లో నేను కీబోర్డు వాయించాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పెరిగిన చేతులు నావి. ఖాళీ కనిపిస్తే బిట్టు వేయందే ఆగేవి కావు. నా స్నేహితుడు పాడుతున్నాడు. వాడు లైను ముగించగానే నేను అందుకున్నాను, రెండో లైనుకీ అంతే. వాడు తడబడి ముందుకు పరిగెత్తాడు. బాస్ కుర్రాడు వాయించడం ఆపేసి నన్నే చూశాడు. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు. ఇంటికెళ్తూ కారులో వాడన్నాడు, ‘నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదురా’ అని. ఆ తర్వాత నాతో ఎప్పుడూ పాడలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

అందుకే రిహార్సల్లో ముందు పియానో అబ్బాయికి ఎక్కడ ఆగుతావో పాడి చూపించు. మొహమాటపడకు!

నిన్నూ ఒక మాట అనాలి. ప్రతి అక్షరానికీ గమకం వేసే అలవాటు నీది. పాటలో మొదటి మూడు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) విను: బి ఫ్లాట్‌ని షడ్జమం అనుకుంటే లోపల కాకలి నిషాదం (పై ని), కైశికి నిషాదం (దాని కింది ని), ధైవతం (ద) ఒక్కో మెట్టూ దిగుతుంటాయి. ఆ జారుడు కార్డ్స్‌లోనే ఉంది తల్లీ, నువ్వు స్వరాన్ని నిలిపి పాడు చాలు. ఐదో ఏట నా ఒళ్లో కూర్చుని సా పట్టుకున్నావే, అలా.

రాత్రి ఒక్కదానివే డ్రైవ్ చేయొద్దు. నేనొచ్చి తీసుకెళ్తాను, వెనక బల్ల దగ్గర కూర్చుంటాను.

మీ పెదనాన్న