చిన్న కమ్యూనిటీ రేడియో సినిమా పాటల రాయల్టీ కట్టలేకపోతే ఏం చేయాలి?

గుంటూరులో కాలేజీ తరఫున కమ్యూనిటీ రేడియో నడుపుతున్నామని, పాటలకు లైసెన్స్ తీసుకోమని ఒక మ్యూజిక్ కంపెనీ లెటర్ పంపిందని, ఇక పాటలు మానేయడమేనా అని అడిగారు. గుంటూరు పక్కనే అలాంటి స్టేషన్‌లో చాలాకాలం ప్రోగ్రాములు చూసుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ లెటర్‌ని పక్కన పడేయకండి. లాభాపేక్ష లేని స్టేషన్ అయినంత మాత్రాన కాపీరైట్ నుంచి మినహాయింపు రాదు. సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ దేని హక్కు దానిదే. రికార్డింగ్ ఆడియో కంపెనీది. రచయితలు, సంగీత దర్శకుల వాటాని వాళ్ల సొసైటీ ఐపీఆర్ఎస్ వసూలు చేస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత రేడియో ప్రసారానికి వాళ్లకూ రాయల్టీ ఇవ్వాల్సిందేనని 2023లో బాంబే హైకోర్టు తేల్చింది. అది న్యాయం కూడా. పాట రాసినవాళ్ల కడుపు కొట్టి మనం స్టేషన్ నడపక్కర్లేదు.

నా బాధంతా లెక్క కట్టే పద్ధతి మీదే. 2010లో కాపీరైట్ బోర్డు ప్రైవేటు ఎఫ్ఎంలకు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని నిర్ణయించింది. ఆ లెక్కన నెలకు 20,000 రూపాయల ప్రకటనలు వస్తే 400 కడతాం, ఏమీ రాని నెల ఏమీ కట్టం. 2020 డిసెంబర్ 31న మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు (ఐపీఏబీ) దాన్ని నీడిల్ అవర్ పద్ధతికి మార్చింది. అంటే పాట మోగిన నిమిషాలన్నీ కూడి, గంటకు ఇంత అని. కొన్ని నెలలకే ఆ ఐపీఏబీనే రద్దు చేశారు. గంటల లెక్కలో మీ రాబడి ఎంతన్నది ఎవరికీ పట్టదు.

మన రాబడి ఏపాటిదో చూడండి. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు. 2024 నుంచి గంటకు 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటనలకు 10 సెకన్లకు 74 రూపాయలు. కాగితం మీద గంటకు 5,328 రూపాయలు! ఆ 12 నిమిషాలూ నిండిన గంట మా స్టేషన్‌లో ఒక్కటీ లేదు. బ్రాడీపేట కోచింగ్ సెంటర్ల వాళ్లు డబ్బులిచ్చే ప్రకటన పెద్ద ఎఫ్ఎంకి ఇచ్చి, మా చేతిలో కరపత్రం పెట్టి “కాస్త చదివేయండి సార్” అనేవాళ్లు.

అందుకే మేం సినిమా పాటలు బాగా తగ్గించి, సొంతంగా రికార్డు చేయడం మొదలుపెట్టాం. తెనాలి నుంచి ఒక పద్యనాటక కళాకారుడిని పిలిపించాం. ఫ్యాన్ కట్టేసి, కిటికీలకు దుప్పట్లు వేలాడదీసి, హార్మోనియం పెట్టుకుని కూర్చుంటే చెమటలు కారుతున్నా ఆయన రాగం తగ్గించలేదు. అవి ప్రసారమైన రోజుల్లో వచ్చినన్ని ఫోన్లు కొత్త సినిమా పాటలకు రాలేదు. పారితోషికం ఇచ్చి, ప్రసారానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం తప్పకుండా తీసుకోండి, పాడినవాళ్లకూ చట్టంలో హక్కుంది.

ఇక్కడొక చిక్కుంది. పాతదైతే ఫ్రీ అనుకుంటారు చాలామంది. రచనకు రచయిత మరణించాక 60 ఏళ్లు, రికార్డింగ్‌కు విడుదలయ్యాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో చివరివారు చెళ్లపిళ్ల 1950లో పోయారు కాబట్టి వాళ్ల పాండవ నాటకాల పద్యాలు హాయిగా పాడించుకోవచ్చు. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర కూడా అంతే, ఆయన పోయింది 1953లో. కానీ ఆ నాటకం కాటిసీనులో అందరూ పాడే శ్మశానవాటిక పద్యాలు జాషువావి. ఆయన 1971లో పోయారు, అంటే 2031 చివరి దాకా హక్కులుంటాయి. ఘంటసాల బాణీలైతే 2034 దాకా. అన్నమయ్య మాటలు ఎవరైనా పాడుకోవచ్చు గానీ, రాళ్లపల్లి, నేదునూరి లాంటి వారు కట్టిన బాణీలకు ఇంకా గడువుంది. ఊడ్పు పాటలు, కోలాటం పాటలు ఊళ్లో పెద్దవాళ్ల చేత పాడించుకుంటే ఈ గొడవలేమీ ఉండవు.

వేసే కాసిని సినిమా పాటలకు రోజూ లాగ్ రాయండి: ఏ పాట, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు. కాపీరైట్ చట్టం సెక్షన్ 31డి కింద, అంటే నిర్ణయించిన రాయల్టీ కట్టి ప్రసారం చేసుకునే లైసెన్స్‌కి వెళ్తే ముందస్తు నోటీసు, ఈ రికార్డులు తప్పనిసరి. రచయిత, ప్రధాన గాయకుల పేర్లు చెప్పాలని కూడా అందులోనే ఉంది. ఆకాశవాణి విజయవాడ వింటూ పెరిగిన మనకు చిత్రం, రచన, సంగీతం, గానం చెప్పడం కొత్తేమీ కాదు. మీ యాప్‌లో కూడా ప్రసారం పెడుతుంటే మాత్రం జాగ్రత్త, ఇంటర్నెట్‌కు 31డి వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది.

ఇక ఆ కంపెనీకి జవాబు రాసేటప్పుడు మూడు నెలల లాగ్, ఆడిట్ అయిన జమాఖర్చులు జతచేసి, ప్రకటనల ఆదాయంలో శాతంగా కడతామని అడగండి. మా దగ్గర ఒక కంపెనీ దానికి ఒప్పుకుంది, ఇంకొకటి ససేమిరా అంది. ఒప్పుకోని కంపెనీ పాటలు మా ప్లేలిస్ట్ నుంచి తీసేశాం.