ఏప్రిల్ 1 ఆటపట్టింపులు ఎక్కడివి?

ప్రశ్న: ఫ్రాన్సులో సంవత్సరారంభాన్ని జనవరికి మార్చినప్పుడు పాత పద్ధతిని వదలని వారిని ఎగతాళి చేయడంతోనే ఏప్రిల్ ఫూల్ ఆచారం పుట్టిందని మా మాస్టారు చెప్పేవారు. ఇది నిజమేనా?

జవాబు: ఈ కథ విస్తారంగా ప్రచారంలో ఉన్నది గాని, తేదీలు దానికి అనుకూలించడం లేదు. సంవత్సరం జనవరి 1న మొదలుకావాలని ఫ్రాన్సు రాజు తొమ్మిదవ షార్ల్ రూసియోన్ శాసనంలో ఆదేశించినది 1564లో కాగా, అంతకు మూడేళ్ల ముందే, 1561లో, ఎడువార్డ్ ద దేనె అనే ఫ్లెమిష్ కవి, ఏప్రిల్ 1న ఒక ప్రభువు తన సేవకుణ్ణి అర్థం లేని పనుల మీద ఊరంతా తిప్పిన తీరును పద్యంగా రాశాడు. పైగా శాసనానికి ముందు ఫ్రాన్సులో చాలాచోట్ల సంవత్సరం ఈస్టరుతో మొదలయ్యేది. ఆ పండుగ తేదీ ఏటా మారుతుంది. ఫ్రెంచి పిల్లలు మాత్రం ఆ రోజున కాగితపు చేపను ఎదుటివారి వీపుకు గుట్టుగా అంటించే ఆటను నేటికీ ఆడుతున్నారు.

ఏప్రిల్ పరిహాసాలన్నిటిలోనూ నేను మనసారా మెచ్చుకునేది 1957లో బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం చేసినది. స్విట్జర్లాండులో చలి తక్కువై, పురుగు బెడద తొలగి, స్పగెట్టి (గోధుమపిండితో చేసే, సేమియా వంటి ఇటలీ వంటకం) పంట విరగకాసిందని, ప్రేక్షకులు ఎంతో నమ్మే రిచర్డ్ డింబుల్బీ గంభీరమైన గొంతుతో వివరిస్తూ ఉంటే, కొమ్మలకు వేలాడుతున్న స్పగెట్టిని ఆడవారు కోసి ఎండబెడుతున్నట్లు చూపించారు. అప్పటికి బ్రిటన్‌లో ఆ వంటకం అంతగా పరిచయం లేనందువల్ల చాలామంది నమ్మారు. చెట్టును ఎలా పెంచాలని ఫోను చేసిన వారికి, ఒక స్పగెట్టి రెమ్మను టమాటా సాస్ డబ్బాలో నాటి చూడమని జవాబు వచ్చింది.