మాడిన జపనీస్ మేపుల్‌ను అప్పుడే పీకేయకండి

అన్నా, హనుమకొండలో మీ డాబా మీది జపనీస్ మేపుల్ (చల్లని ప్రాంతాల్లో అందమైన ఆకుల కోసం పెంచే చెట్టు) ఆకులు అంచుల నుంచి మాడిపోయాయని, రోజూ నీళ్లు పోస్తున్నా తేరుకోవట్లేదని రాశారు. టెన్షన్ పడకండి. సన్న కొమ్మను గోటితో గీకి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది.

నీళ్లు వేర్లకు అందట్లేదని నా అనుమానం. బాగా ఎండిన మట్టి నీటిని పీల్చదు. పోసిందంతా కుండీ అంచు వెంట జారి కింది రంధ్రంలోంచి పోతుంది. కుండీని నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు ఆగాక తీసి, పూర్తిగా కారనివ్వండి. ఆ తర్వాత రోజూ పోయొద్దు. వేలు పెట్టి చూసి, పైన అంగుళం మట్టి ఆరితేనే పోయండి. ఆకులు రాలిన చెట్టు తక్కువ తాగుతుంది, ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లు కుళ్లుతాయి.

డాబా మీంచి దించి ఉదయం ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వేర్లు ఉడికిపోతాయి. చెట్టును తీయకుండా, ఆ కుండీనే పెద్ద మట్టి కుండీలో ఉంచి, పైన వరిగడ్డి పరవండి, కాండానికి తగలకుండా. ఎరువు, కత్తిరింపు, కుండీ మార్చడం ఇప్పుడు వద్దే వద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అంచులు మళ్లీ మాడతాయి, వాన నీళ్లు పట్టుకోండి.

ఇది చలికాలంలో నిద్రపోవాల్సిన చెట్టు. మన వరంగల్ చలి దానికి చాలదు, సరైన విశ్రాంతి లేకుండానే వేసవి ఎండలోకి వస్తుంది, కాబట్టి ఏటా మార్చిలోనే నీడకు మార్చండి.